పప్పు ఉడకని ఇల్లు

మా అన్న ఆరోగ్యస్వామి ఇంట్లో పప్పు ఉడకటం మానేసినప్పుడు అందరూ ముందు నా వంకే చూశారు. అందులో వాళ్ళ తప్పేమీ లేదు. మా పాపమ్మ వదిన మంచినీళ్ళ బిందెలో కప్పపిల్లను వేసింది నేనే. "మీ తమ్ముడు మాచర్ల నుంచి వస్తన్నాడంట" అని దొంగ కబురు చెప్పి, ఆమె కోడిని కోసి కూర వండాక, రాని తమ్ముడి వాటా కూడా కూర్చుని తిన్నది నేనే. అందుకని, పొద్దున పొయ్యి మీదకెక్కిన కందిపప్పు ఎండ నడినెత్తికి వచ్చినా పంటి కింద పటపటలాడుతుంటే, వదిన గరిటె పట్టుకుని నేరుగా నా గుడిసెకే వచ్చింది.

"ఏం కలిపావయ్యా యోబూ?"

"నేనేం కలపలా వొదినా. మరియమ్మ తోడు."

"ఆ తల్లిని ఇందులోకి లాగబాక. ఏం కలిపావో చెప్పు."

నిజం చెప్పినప్పుడు ఎవరూ నమ్మకపోవటం నాకు అలవాటే. కానీ ఈ పప్పు గొడవ ఒక్క రోజుతో పోలేదు. మర్నాడూ అంతే. శుక్రవారమూ అంతే. శుక్రవారం మాకు నీసు ఉండదు, పప్పే దిక్కు. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలకు రాయి తోలే బండి నాది. పగలంతా తెల్లదుమ్ము మింగి ఇంటికి వస్తే కంచంలో కూడా రాళ్ళే. గడ్డ మీద ఉన్నవి రెండే కొంపలు, అన్న ఇల్లూ నా గుడిసే. తిండి మాత్రం ఒకే కుండలోది. కాబట్టి వాళ్ళ పప్పు ఉడక్కపోతే నా కడుపు ఉడికేది.

నా మీద అనుమానం దిగి కొత్తకోడలి మీద వాలటానికి ఎక్కువ కాలం పట్టలేదు. రత్నకుమారి మా అన్న కొడుకు శౌరి భార్య. ఈస్టరు వెళ్ళాక పెళ్ళయి ఈపూరు నుంచి కాపురానికి వచ్చింది. ఆ పిల్ల పొయ్యి ముందు కూర్చున్న రోజు నుంచే పప్పు ఉడకటం లేదు. ఆ మాట ఎవరూ కాదనలేరు. అంతకుముందు ఏళ్ళ తరబడి వదిన వండింది, ఎన్నడూ పలుకు మిగల్లేదు. కోడలు గడప దాటి లోపలికి రాగానే గరిటె ఆ పిల్ల చేతిలో పెట్టి, మోకాళ్ళకు ఆముదం రాసుకుంటూ మంచమెక్కింది.

"ఆ పిల్ల చేతిలోనే ఏదో ఉంది," అన్నది వదిన. "కొత్తకోడలి చేతిలో పప్పు ఉడక్కపోతే ఆ ఇంటో గింజ నిలవదంట. మా అమ్మమ్మ చెప్పేది."

"నాకెప్పుడూ చెప్పలేదేంది మీ అమ్మమ్మ?"

"నీకు చెప్తే దానికి ఇంకో రెండు కల్పిస్తావని."

మా అన్న తక్కువ మాట్లాడే మనిషి. మాట్లాడితే అదే ఆఖరు. ఒకరోజు సగం తిన్న కంచంలో చెయ్యి కడిగేసుకుని అన్నాడు. "ఆదివారం వాళ్ళ నాయన్ని రమ్మని కబురు పెట్టా. పిల్లను తీసకపొమ్మని చెబుతా. వంట నేర్చుకుని వచ్చుద్దో, రాదో, వాళ్ళ ఇష్టం."

పుట్టింటికి అలా పంపిన పిల్ల తిరిగి రావటం ఎంత కష్టమో మాకందరికీ తెలుసు. శౌరి క్వారీ లారీ మీద క్లీనరు. నాయన ముందు నోరు లేదు వాడికి. తువ్వాలు తలకు చుట్టాడు, విప్పాడు, మళ్ళీ చుట్టాడు. బయటకు పోయాడు, లోపలికి వచ్చాడు, మళ్ళీ బయటకు పోయాడు. రత్నకుమారి చేటలో పప్పు చెరుగుతూనే ఉంది. అందులో ఏరటానికి రాయి లేదు, మట్టి లేదు. అయినా చెరుగుతూనే ఉంది.

ఇక ఎలిజబెత్ సంగతి. మా అన్నకు ఆఖరి కూతురు, అయిదో తరగతి. తన వదిన రత్నకుమారంటే ప్రాణం. జడ వేసినా రత్నకుమారే వెయ్యాలి, పక్కలో పడుకున్నా రత్నకుమారి పక్కనే. రోజూ బడి వదిలే వేళకు నా బండి ఖాళీగా తిరిగి వస్తుంది కాబట్టి నాతో ఎక్కి ఇంటికొచ్చేది.

"బాబాయ్, సైన్సులో నేను మన పప్పుని పెట్టా," అన్నది ఆ సాయంత్రం.

"సైన్సులో పప్పేందే? నేను చదివినప్పుడు సైన్సులో ఆకులుండేయి."

"నువ్వు రెండో తరగతే గదా చదివింది."

"అయినా ఒక్కసారి కాదు చదివింది. బాగా వంటబట్టాలని మళ్ళీ మళ్ళీ చదివా."

వాళ్ళ బడికి దయామణి అనే కొత్త టీచరు వచ్చింది. సైన్సు గంటలో పుస్తకాలు మూయించి, ఎవరి ప్రశ్న వాళ్ళే తెచ్చుకోండి, జవాబు కూడా మీరే వెతకండి అన్నదంట. షరతు ఒక్కటే. జవాబు టీచరుకు కూడా తెలియకూడదు. ఈ సంగతి విని ఊళ్ళో పెద్దలు, జీతం తీసుకుని పిల్లకాయల్ని అడగటమేందని గొణిగారు. పిల్లలకు మాత్రం తిక్క పట్టింది. ఒకడు తేలు పలక మీద ఎందుకు జారుతుందో చూస్తానని నాపరాళ్ళన్నీ తిరగేస్తున్నాడు. రోశమ్మ అనే పిల్ల, వాన వచ్చే ముందు గేదె చెవులు ఎక్కువ ఆడిస్తుందా అని గేదె వెనకాలే తిరిగి తోకదెబ్బ తిన్నది. మా ఎలిజబెత్ లేచి, మా ఇంట్లో పప్పు ఎందుకు ఉడకటల్లా అని అడిగితే బడంతా నవ్విందంట. టీచరు నవ్వలేదు. ఎట్టా కనుక్కుంటావు అన్నదంట.

"ఒకసారికి ఒక్కటే మార్చాల బాబాయ్. మిగతావన్నీ అట్టాగే ఉంచాల. లేకపోతే దేనివల్ల అయిందో మనకి తెలవదు." కుడిచెయ్యి చాపి వేళ్ళు చూపించింది. "ఇది చెయ్యి. ఇది పప్పు. ఇది కుండ. ఇది పుల్లలు."

"మరి చిటికెన వేలో?"

"అది ఊరికే ఉంది."

ఆ మర్నాటి నుంచి ప్రయోగాలన్నీ నా గుడిసెలోనే. మొదట చెయ్యి. అదే పప్పు, అదే కుండ, అదే పొయ్యి. ఒకసారి నేను వండాను, ఒకసారి ఎలిజబెత్, ఒకసారి రత్నకుమారి. ముగ్గురి పప్పూ రాయే. ఎలిజబెత్ బొటనవేలు మడిచింది. పరుగెత్తుకుంటూ పోయి వాళ్ళమ్మకు చెప్పింది. వదిన ఆముదం రాసుకుంటూనే, "ఇంటి మీద దాని నీడ పడినాక ఎవురు వండితే ఏందే," అన్నది.

తర్వాత రోశమ్మ వాళ్ళింటి పప్పు తెచ్చి వండాం. వాళ్ళింట్లో వెన్నలా ఉడికే పప్పు నా పొయ్యి మీదకు రాగానే మొండికేసింది. కుండ మార్చాం. తుమ్మపుల్లలు తీసేసి కందికంప పెట్టాం. ఎలిజబెత్ వేళ్ళు ఒక్కొక్కటే మడుచుకుపోతున్నాయి, ఆదివారం దగ్గర పడుతోంది, పప్పు మాత్రం చలించలేదు. నాకు నిద్ర పట్టటం లేదు. రాయి తోలుతుంటే ఎడ్లు కూడా నా చిరాకు చూసి దారి పక్కకు లాగుతున్నాయి.

చేతులు ఊరుకోక, కొట్లో వంటసోడా పొట్లం కొని మొలకు దోపుకున్నాను. చిటికెడు వేస్తే ఇనప మేకైనా మెత్తబడుతుంది. ఎవరి కంటా పడకుండా కుండలో వెయ్యటం నాకొక లెక్కా?

ఎలిజబెత్‌కు చెబితే ఎగిరి గంతేస్తుందనుకున్నా. మొహం ఎర్రగా చేసుకుంది.

"రోజూ వేస్తావా బాబాయ్? నీకు జొరమొస్తే ఎవురేస్తారు?"

"అప్పటి సంగతి అప్పుడు."

"నువ్వు చెయ్యి పెడితే నాకేం తెలవదు. పప్పు ఉడికిందని తెలుస్తది గానీ ఎందుకు ఉడకలేదో తెలవదు. నీ చేతులు నీ దగ్గరే పెట్టుకో."

నా చేతుల్ని నా దగ్గరే పెట్టుకోవటం నాకు చేతకాని పని. అయినా సరే అన్నాను. పొట్లం మాత్రం మొలలోనే ఉంది.

మర్నాడు బడి ముందు బండి ఆపుకుని కూర్చుంటే, టీచరమ్మ ఎలిజబెత్‌తో కలిసి గేటు దాకా వచ్చింది. సన్నగా, ఎండకు కళ్ళు చికిలించి చూసే మనిషి.

"అన్నీ మార్చి చూశావా? ఇంకేమన్నా మిగిలిందా?" అని అడిగింది పిల్లని.

ఎలిజబెత్ చెయ్యి పైకెత్తింది. నాలుగు వేళ్ళూ మడిచి ఉన్నాయి, చిటికెన వేలొక్కటే నిక్కి ఉంది. దాని వంక అదే మొదటిసారి చూస్తున్నట్టు చూసుకుంది. "నీళ్ళు మిగిలినయి టీచర్. కానీ అయ్యి స్వాములవారు ఆశీర్వదించినయి."

ఇన్నాళ్ళూ ఆ నీళ్ళ మీదకు మా ఎవరి బుద్ధీ పోలేదు. ఎట్టా పోతుంది? మా గడ్డ మీద నీటి చుక్క లేక, వదిన మోకాళ్ళు అరిగేటట్టు వాగు దాకా దిగి, ఇసకలో చెలమ తోడుకుని బిందెలతో మోసేది. చివరకు మా అన్న నాపరాయిలో తూటాలు పెట్టి పగలగొట్టి, పెరట్లోనే బావి తవ్వించాడు. శౌరి పెళ్ళికి ముందు రోజే నీళ్ళు పడ్డాయి. చర్చి స్వాములవారు వచ్చి ప్రార్థన చేసి, తీర్థం చల్లి, ఆశీర్వదించి పోయారు. మా అన్న ఆ బావి గట్టు మీద చెప్పులతో ఎవర్నీ ఎక్కనిచ్చేవాడు కాదు. పెళ్ళి వంట వేటమాంసం, అందులో పప్పు లేదు. పెళ్ళయిన మర్నాడు గరిటె కోడలి చేతికి పోయింది. అంటే వదిన ఆ బావి నీళ్ళతో పప్పు వండిన రోజే లేదు.

టీచరమ్మకు నేను బండి మీద నుంచే అంతా చెప్పాను. ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది.

"నేను లూథరన్‌ను యోబుగారూ. మీరు కతోలికులు, ఆర్‌సీఎం. ఈ మాట నా నోటి నుంచి వస్తే మీ అన్నగారు ఏమనుకుంటారు?"

"ఏమీ అనుకోడమ్మా. లూథరమ్మ మా బావి మీద పడింది, పిల్లను బడి మానిపించండి అంటాడు. అంతే."

"అందుకే నేనేమీ చెప్పను. ప్రశ్న ఎలిజబెత్‌ది. అడగాలో వద్దో కూడా తనే తేల్చుకోవాలి."

దారి పొడుగునా ఎలిజబెత్ జడ కొస నములుతూ కూర్చుంది. కాసేపు ముందుకు జరిగి కూర్చుంటుంది, కాసేపు వెనక్కి. ఒకసారి దిగి బండి పక్కన నడిచింది, మళ్ళీ ఎక్కింది. నేను ఒక్క పరాచికం కూడా ఆడలేదు. ఇల్లు కనిపిస్తుండగా అన్నది.

"వాగుకి పోనీ బాబాయ్."

చెలమ నీళ్ళు తెచ్చి, శనివారం పొద్దున నా గుడిసెలో అదే కుండ, అదే పప్పు, అవే పుల్లలు పెట్టాం. ఎలిజబెత్ పొయ్యి ముందు నుంచి లేవదు. నేను తలుపు దాకా పోతాను, వస్తాను. మూత తీయబోతే చేతి మీద కొడుతుంది. చివరకు తనే తీసి గరిటెతో ఒక గింజ అందుకుంది. వేళ్ళ మధ్య పెడితే గింజ లేదు, పసుపు ముద్దే ఉంది.

నేను ఆ కుండ ఎత్తుకుని నెత్తి మీద పెట్టుకుని అన్న ఇంటికి ఊరేగింపుగా పోయాను. అదే నేను చేసిన తెలివితక్కువ పని. కుండ ఆ పిల్ల చేతికిచ్చి నేను ఇంట్లో ఉండాల్సింది.

వదిన పప్పు నలిపి చూసింది. ఎలిజబెత్ చెప్పేదంతా విన్నది. విని, నా వైపు తిరిగింది. "ఏం కలిపావయ్యా?"

"ఏమీ కలపలేదు వొదినా. పిల్లనే అడుగు."

"పిల్ల కళ్ళు కప్పటం నీకెంతసేపు?" అంటూ నా మొలలో ఉబ్బుగా ఉన్నదాన్ని పట్టి లాగింది. సోడా పొట్లం. కట్టిన దారం కట్టినట్టే ఉంది, కానీ ఆ దారం వంక చూసేవాళ్ళెవరు? మా అన్న బావి గట్టున నిలబడి, "ఆశీర్వదించిన నీళ్ళ మీద నింద వెయ్యటానికి ఈ సోడా నాటకమొకటి," అన్నాడు. రత్నకుమారి లోపలికి పోయి తన చీరలు మడతపెట్టటం మొదలుపెట్టింది.

ఎలిజబెత్ నా వంక చూసింది. ఎందరో నన్ను తిట్టారు, నా వెంట పడి కొట్టారు, నేను నవ్వుతూనే ఉన్నాను. ఆ పిల్ల చూపుకు మాత్రం నాకు నవ్వు రాలేదు.

తర్వాత వాళ్ళమ్మ వైపు తిరిగింది. "మళ్ళీ చేద్దాం. రేపు నువ్వే వండు అమ్మా. పప్పు నువ్వే కుండలో వెయ్యి, నీళ్ళు నువ్వే తెచ్చుకో. రత్నం వదిన లోపలే ఉంటది. బాబాయిని కట్టేద్దాం."

"కట్టేద్దామా?" వదిన మొహంలో చానా కాలానికి వెలుగు కనబడింది. ఈ ప్రయోగంలో ఆమెకు నచ్చిన భాగం అదొక్కటే.

"ఆశీర్వదించిన నీళ్ళకి పరీక్ష పెడతావటే?" అన్నాడు మా అన్న.

"నీళ్ళకి కాదు నాయనా. పప్పుకి."

మా అన్న చేదతాడు చుట్ట చుట్టటం మొదలుపెట్టాడు.

ఆదివారం పూజ నుంచి రాగానే శౌరి నన్ను బండి చక్రానికి ఎద్దుల పగ్గంతో కట్టాడు. వాడు వదులుగా కడుతుంటే వదిన వచ్చి బిగించింది. తర్వాత బిందె చంకనెత్తుకుని, మోకాళ్ళను తిట్టుకుంటూ వాగుకు తానే పోయి చెలమ నీళ్ళు తెచ్చుకుంది. మా అన్న కొత్తబావిలో చేద వేసి తోడాడు. వాకిట్లో రెండు పొయ్యిలు, ఒక జత కుండలు, ఒకే సోలతో కొలిచిన ఒకే పప్పు. వదిన రెండు కుండల మధ్య పీట వేసుకుని కూర్చుంది. రత్నకుమారి గది లోపల, మూట పక్కన.

అప్పుడు మొదలైంది నా అవస్థ. ముక్కు మీద ఈగ వాలింది. వీపున చీమ పాకుతోంది. రెండు కుండల వంకా చూస్తున్నా, ఏ కుండ ఏదో నాకే తికమకగా ఉంది. శౌరి ఇటు పది అడుగులు, అటు పది అడుగులు వేస్తున్నాడు. మా అన్న చెప్పులు విడిచి గట్టెక్కుతున్నాడు, దిగి తొడుక్కుంటున్నాడు. ఎలిజబెత్ పుల్ల ఎగదోయబోయి, చెయ్యి వెనక్కి తీసుకుని, తన చేతుల్ని తనే ఒళ్ళో నొక్కి పట్టుకుంది.

అంతలో ఈపూరు వియ్యంకుడు అరటిపళ్ళ హస్తంతో వాకిట్లోకి వచ్చాడు. ఎందుకు రమ్మన్నారో ఆయనకు తెలియదు. చక్రానికి కట్టేసి ఉన్న నన్ను చూసి ఆగిపోయాడు.

"ఏం చేశావు బావా?"

"ఈసారి ఏం చెయ్యలేదు బావా. అందుకే కట్టేశారు."

వదిన మూతలు తీసింది. ముందు చెలమ నీళ్ళ కుండలోంచి ఒక గింజ తీసి నలిపింది. వేళ్ళకు ముద్ద అంటుకుంది. రెండో కుండలోంచి తీసింది. నలిపింది. గింజ జారి పీట మీద టక్కున పడింది. ఇంకోటి తీసింది. అడుగు నుంచి తోడి ఇంకోటి. పంటి కింద పెట్టి కొరికింది. ఆ చప్పుడు చక్రం దగ్గరున్న నాకు వినబడింది.

"నేనేగా వండింది," అన్నది, ఎవరితోనూ కాదు.

ఎలిజబెత్ చిటికెన వేలు మడిచింది. పిడికిలి పూర్తయింది.

మా అన్న బావిలోకి తొంగి చూశాడు. వదిన మోకాళ్ళు రుద్దుకుంటూ, వాకిలి దాటి వాగు వైపు చూస్తోంది. ఆ దారి తొక్కే పని తప్పిందని ఆమె ఎంత సంబరపడిందో మా అందరికీ తెలుసు. చివరకు మా అన్న అన్నాడు. "స్వాములవారు తాగటానికి ఆశీర్వదించారు. పప్పు మాట ఆయన ఎత్తలా."

"ఎత్తలా," అన్నది వదిన. పీట మీద నుంచి చెయ్యి ఊని లేచింది. "ఏమే రత్నం, ఆ మూటేంది? చీరలు దండెం మీదెయ్యి. రేపటి నుంచి పప్పు బిందె చెలమ నుంచి తేవాల. చిన్నబిందె నాకుంచు, పెద్దది నువ్వు పట్టుకో."

లోపల నుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు వచ్చింది. శౌరి అటు పది అడుగులు వేసినవాడు ఇటు తిరిగి రాలేదు, నేరుగా గదిలోకి పోయాడు.

వియ్యంకుడు అరటిపళ్ళు పట్టుకుని ఇంకా నిలబడే ఉన్నాడు. "ఎందుకో రమ్మని కబురంపారంట బావా?"

మా అన్న చెప్పులు విడిచి, బావి గట్టు మీద కూర్చుంటూ, "ఏం లేదు బావా. పప్పన్నం తిని పోదువని," అన్నాడు.

అందరూ కంచాల ముందు కూర్చున్నారు. నా కట్లు విప్పాలన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. రత్నకుమారి ఒక్కతే ముద్ద కలిపి తెచ్చి నా నోట్లో పెట్టింది. "ఉడికిందా చిన్న మామయ్యా?" అని అడిగింది. చెప్పటానికి నా దగ్గర చాలా మాటలున్నాయి గానీ నోటి నిండా పప్పు ఉంది.

ఎలిజబెత్ కంచం వదిలేసి వచ్చి బండి నొగ మీద కూర్చుంది. మళ్ళీ జడ కొస నములుతోంది.

"మళ్ళీ ఏమైందే?"

"ఆ నీళ్ళలో ఏముంది బాబాయ్? చూట్టానికి రెండూ ఒకటేగా."

"మీ టీచరమ్మని అడుగు."

"నిన్న దారిలో కనబడితే అడిగా. ఆమెకి కూడా తెలవదంట." పిడికిలి విప్పి వేళ్ళు మళ్ళీ చాపింది. "తెలవదంటే మంచిదే గదా. ముందు నాపరాయి ముక్క చెలమ నీళ్ళలో నానబెడదాం. ఒకటే మార్చాల."

"పెడదాం గానీ, ముందు నా కట్లు విప్పవే."

ఆ పిల్ల నా మొల వంక, చేతుల వంక చూసింది.

"రాయి నానిందాకా ఉండు బాబాయ్," అన్నది.